గార్సియాలందరూ ఒకే వంశమా? లోర్కా, మార్క్వెజ్, ఇంకా చాలామంది గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇది: "కవి లోర్కా, నవలాకారుడు మార్క్వెజ్, గిటార్ వాయించిన జెర్రీ గార్సియా, గోల్ఫ్ ఆడే సెర్జియో గార్సియా, వీళ్లంతా ఏదో ఒక తరంలో చుట్టాలేనా? గార్సియా అంటే మన ఇంటిపేరులాగా ఒక మూలపురుషుడి నుంచి వచ్చిందా? ఈ పేరుతో చరిత్రలో చెప్పుకోదగ్గవాళ్లు ఇంకెవరున్నారు?" నేను చాలాకాలంగా స్పానిష్ నేర్పుతున్నాను, ఆ భాషలో జనన పత్రాలూ పెళ్లి పత్రాలూ అనువాదం చేస్తుంటాను కాబట్టి ఈ పేరు దాదాపు రోజూ కళ్లముందు పడుతుంది. కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. చుట్టాలు కారు. స్పెయిన్‌లో ఇవాళ అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే. మొదటి ఇంటిపేరుగా లెక్కేస్తేనే 14 లక్షల మందికి పైగా ఉన్నారు, అంటే సుమారుగా వందకి ముగ్గురు. అమెరికాలో 2010 జనాభా లెక్కల ప్రకారం ఇది 6వ స్థానంలో ఉంది, దాదాపు 11.66 లక్షల మంది. మెక్సికో, కొలంబియా, క్యూబా, ఫిలిప్పీన్స్, ఎక్కడ చూసినా పై వరసలోనే కనిపిస్తుంది. ఇంతమందికీ ఒకే తాత ఉండే అవకాశమే లేదు.

ఎందుకంటే గార్సియా మొదట్లో ఇంటిపేరే కాదు, పిల్లాడికి పెట్టుకునే పేరు. మధ్యయుగాల్లో స్పెయిన్ ఉత్తరాది రాజ్యాల్లో తండ్రి పేరు చివర చిన్న ప్రత్యయం చేర్చి కొడుకుని గుర్తుపట్టేవాళ్లు. రోడ్రిగో కొడుకు రోడ్రిగెజ్, మార్టిన్ కొడుకు మార్టినెజ్, సాంచో కొడుకు సాంచెజ్. గార్సియా విషయంలో మాత్రం చాలాచోట్ల ప్రత్యయం లేకుండా ఆ పేరే యథాతథంగా కొడుక్కి రెండో పేరుగా వచ్చేసింది. కాలక్రమంలో ఇలాంటి పేర్లు తరం మారినా మారకుండా గడ్డకట్టి ఇంటిపేర్లయ్యాయి. అంటే ఏ ఊళ్లో గార్సియా అనే మనిషి ఉంటే ఆ ఊళ్లో ఒక కొత్త గార్సియా కుటుంబం మొదలైనట్టే. పేరు మూలం బాస్క్ ప్రాంతపు భాషలో ఉందని చాలామంది పండితుల ఊహ, దాని మీద వాదాలున్నాయి, మన ప్రశ్నకి అవి అడ్డం రావు.

రాజుల దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే ఈ పేరు అంతగా పాకడానికి వాళ్ల వాటా కూడా కొంత ఉండి ఉంటుంది. 9వ శతాబ్దంలోనే పంప్లోనాలో గార్సియా ఇనిగెజ్ అనే రాజు ఉన్నాడు. తర్వాత అదే గద్దె మీద ఇంకొందరు గార్సియాలు కూర్చున్నారు. వాళ్లలో ఒకడు, గార్సియా సాంచెజ్, 1054లో అతపుయెర్కా దగ్గర సొంత తమ్ముడు ఫెర్నాండోతో యుద్ధం చేసి ఆ పొలాల్లోనే చనిపోయాడు. ఆ ఫెర్నాండో కడగొట్టు కొడుక్కీ మళ్లీ గార్సియా అనే పేరే. ఈ కొడుకు కథ నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఫెర్నాండో తన రాజ్యాన్ని ముగ్గురు కొడుకులకి పంచాడు, సాంచోకి కాస్టిల్, అల్ఫాన్సోకి లియోన్, చిన్నవాడు గార్సియాకి గలీసియా. 1071లో అన్నలిద్దరూ కలిసి తమ్ముడి రాజ్యం లాగేసుకున్నారు. సాంచో హత్యకి గురయ్యాక తన రాజ్యం దక్కుతుందేమోనని గార్సియా తిరిగొస్తే 1073లో అల్ఫాన్సో పట్టుకుని లూనా కోటలో బంధించాడు. 1090లో చచ్చిపోయేదాకా అక్కడే. చనిపోయేముందు సంకెళ్లు తీస్తామంటే వద్దన్నాడనీ, వాటితోనే పూడ్చమని అడిగాడనీ పాత చరిత్రకారులు రాశారు. వీళ్లందరికీ గార్సియా సొంత పేరు, ఇంటిపేరు కాదు, ఈ తేడా గుర్తుంచుకోండి, కింద ఒక మనిషి దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్పానిష్ వాళ్లకి రెండు ఇంటిపేర్లుంటాయి, ముందు తండ్రిది, తర్వాత తల్లిది. పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. మామూలుగా పిలిచేటప్పుడు మొదటిది వాడతారు. కానీ మొదటిది గార్సియా అయితే దాంతో పిలిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, వీధికి పదిమంది ఉంటారు కాబట్టి. అందుకని రెండోదాన్ని అంటిపెట్టుకుని పిలుస్తారు, కొన్నిసార్లు మొదటిదాన్ని పూర్తిగా వదిలేస్తారు. దీనివల్ల నాకు ఎప్పటికీ ఆసక్తి తగ్గని ఒక పరిణామం జరిగింది: పేరుమోసిన గార్సియాల్లో చాలామందిని లోకం గుర్తుపట్టేది తల్లి ఇంటిపేరుతో.

లోర్కానే చూడండి. పూర్తి పేరు ఫెదెరికో గార్సియా లోర్కా. 1898 జూన్ 5న గ్రనాడా దగ్గర ఫుయెంతె వాకెరోస్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఫెదెరికో గార్సియా రోడ్రిగెజ్, బాగా భూములున్న రైతు. తల్లి విసెంతా లోర్కా రొమేరో, బడిపంతులమ్మ. ఊరి నిండా గార్సియా బంధువులు, పొలాలు గార్సియాలవి, డబ్బు గార్సియాలది, కానీ ఇవాళ ప్రపంచమంతా పలికేది ఆ పంతులమ్మ పేరు. 1936 ఆగస్టులో, అంతర్యుద్ధం మొదలైన కొద్ది వారాలకే, జాతీయవాద పక్షం వాళ్లు ఆయన్ని పట్టుకుని వీస్నార్, అల్ఫకార్ ఊళ్ల మధ్య కాల్చేశారు. అప్పటికి ఆయన వయసు 38. తవ్వకాలు జరిగాయి గానీ శవం ఇప్పటికీ దొరకలేదు.

మార్క్వెజ్ సంగతి ఇంకా చిత్రం. 1927 మార్చి 6న కొలంబియాలోని అరకటాకాలో పుట్టాడు. తండ్రి గాబ్రియెల్ ఎలిజియో గార్సియా, టెలిగ్రాఫ్ ఆపరేటర్. తల్లి లూయిసా సాంటియాగా మార్క్వెజ్, ఊళ్లో పెద్దమనిషి కర్నల్ నికొలాస్ మార్క్వెజ్ కూతురు. ఈ టెలిగ్రాఫ్ కుర్రాడికి పిల్లనివ్వడం కర్నల్‌కి సుతరామూ ఇష్టం లేదు. కూతుర్ని దూరప్రాంతాలకి పంపించేశాడు. ఆ ఊళ్లలో ఉన్న తోటి ఆపరేటర్ల సాయంతో వీళ్లిద్దరూ టెలిగ్రాఫ్ తీగల మీదే కబుర్లు నడిపారు. చివరికి పెళ్లయింది, పుట్టిన మొదటి పిల్లాణ్ని అమ్మమ్మ, తాతయ్యల దగ్గరే వదిలి వెళ్లారు, అలా కర్నల్ ఇంట్లో పెరిగినవాడే మన రచయిత. కర్నల్‌కి అంత అయిష్టం ఎందుకంటే, ఉన్న కారణాల్లో ఒకటి ఈ కుర్రాడి పుట్టుక. గాబ్రియెల్ ఎలిజియో తల్లిదండ్రులకి పెళ్లి కాలేదు. తండ్రి ఇంటిపేరు మార్టినెజ్, తల్లి ఆర్హెమీరా గార్సియా. పిల్లాడికి తల్లి పేరే దక్కింది. అంటే తండ్రుల వరసలో లెక్కిస్తే రచయిత గాబ్రియెల్ మార్టినెజ్ కావాలి, ఆయన పేరులో ఉన్న గార్సియా నానమ్మది, మార్క్వెజ్ అమ్మది. రెండూ ఆడవాళ్ల వైపు నుంచి వచ్చినవే. వంశవృక్షాలు గీసేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఈ ఉదాహరణే.

ఇంకో మాట. స్పానిష్‌లో ఆయన్ని వట్టి "మార్క్వెజ్" అనరు. గార్సియా మార్క్వెజ్ అంటారు, లేదా ముద్దుగా గాబో అంటారు. లోర్కాని మాత్రం లోర్కా అనడం వాళ్లకీ అలవాటే. లైబ్రరీలో వెతికితే ఇద్దరూ గార్సియా కిందే ఉంటారు.

1982 నోబెల్ ప్రకటనల్లో సాహిత్య బహుమతి గార్సియా మార్క్వెజ్‌కి వచ్చింది. అదే ఏడాది శాంతి బహుమతి ఇద్దరికి పంచారు, స్వీడన్ నుంచి ఆల్వా మిర్డాల్, మెక్సికో నుంచి అల్ఫాన్సో గార్సియా రోబ్లెస్. ఈ రెండో గార్సియా గురించి మనవాళ్లకి దాదాపుగా తెలియదు. లాటిన్ అమెరికా మొత్తాన్ని అణ్వాయుధాలు లేని ప్రాంతంగా ఉంచాలన్న ఒప్పందం వెనక ముఖ్యమైన మనిషి ఆయన. 1962లో క్యూబా క్షిపణుల గొడవలో ప్రపంచం అణుయుద్ధం అంచు దాకా వెళ్లొచ్చాక, దేశం తర్వాత దేశాన్ని కూర్చోబెట్టి, ఏళ్ల తరబడి మాట్లాడి, 1967 ఫిబ్రవరి 14న మెక్సికో సిటీలోని త్లతెలోల్కోలో సంతకాలకి తెచ్చాడు. జనావాసాలున్న ఖండభాగానికి అలాంటి ఒప్పందం అదే మొదటిది. ఒకాయన కథలతో, ఒకాయన కాగితాలతో, డిసెంబర్ 10న ఒకరు స్టాక్‌హోమ్‌లో ఇంకొకరు ఓస్లోలో బహుమతులు తీసుకున్నారు. వీళ్లకీ చుట్టరికం లేదు.

నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే ఇష్టమైన గార్సియాలు ఒక సంగీత కుటుంబం. పెద్దాయన మాన్యువెల్ గార్సియా, 1775లో సెవిల్‌లో పుట్టిన గాయకుడు. 1816లో రోమ్‌లో రోస్సినీ "సెవిల్ మంగలి" ఒపేరా (పాటలతో నడిచే నాటకం) మొదటిసారి ఆడినప్పుడు అల్మావివా ప్రభువు పాత్ర పాడింది ఈయనే, ఆ పాత్రని ఈయన గొంతుని మనసులో పెట్టుకునే రాశారు. 1825లో భార్యనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని ఓడెక్కి న్యూయార్క్ వెళ్లి, ఆ ఊరికి ఇటాలియన్ ఒపేరాని మొదటిసారి రుచి చూపించాడు. అక్కణ్నుంచి మెక్సికో వెళ్తే, సంపాదించిందంతా తిరుగు దారిలో బందిపోట్లు దోచుకున్నారు.

ఆయన పిల్లలు ముగ్గురూ చరిత్రలోకి ఎక్కారు, కానీ ఇద్దరు కూతుళ్లనీ గార్సియాలని ఎవరూ గుర్తుపట్టరు. పెద్దమ్మాయి మరియా న్యూయార్క్‌లోనే మాలిబ్రాన్ అనే వ్యాపారిని పెళ్లాడింది, అతను తనకంటే చాలా పెద్దవాడు, పెళ్లయిన కొద్దికాలానికే దివాలా తీశాడు, ఆమె యూరప్‌కి తిరిగొచ్చేసింది. అయినా అతని పేరే ఆమెకి మిగిలింది. మరియా మాలిబ్రాన్ అంటే 19వ శతాబ్దపు ఒపేరాలో ఒక మెరుపు. గుర్రం మీంచి పడి, దెబ్బల్ని లెక్కచేయకుండా పాడుతూనే ఉండి, 1836లో మాంచెస్టర్‌లో 28 ఏళ్లకే పోయింది. చిన్నమ్మాయి పౌలీన్, భర్త పేరుతో వియార్డో, గాయని, స్వరకర్త, ప్రసిద్ధ పియానో విద్వాంసుడు లిస్ట్ దగ్గర పియానో నేర్చుకున్న మనిషి. మోజార్ట్ చేతిరాతలో ఉన్న "డాన్ జొవాన్నీ" ప్రతిని 1855లో సొంత డబ్బుతో కొని కాపాడి, తర్వాత పారిస్ కన్సర్వేటరీకి, అంటే అక్కడి సంగీత కళాశాలకి, ఇచ్చేసింది. స్పెయిన్‌లో ఉండి ఉంటే ఇద్దరూ చివరిదాకా గార్సియాలే. ఫ్రాన్స్ పద్ధతి వేరు కాబట్టి పేర్లు మారిపోయాయి.

కొడుకు పేరు కూడా మాన్యువెలే, 1805లో పుట్టాడు. కుటుంబంలో గొప్ప గొంతు లేనివాడు ఇతనొక్కడే, స్టేజీ వదిలేసి పాఠాలు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. స్వీడన్ గాయని జెన్నీ లిండ్ 1841లో అరిగిపోయిన గొంతుతో పారిస్ వచ్చి ఇతన్ని కలిస్తే, పాఠం చెప్పడానికి ముందు ఆరు వారాలు పాడటం పూర్తిగా మానెయ్యమన్నాడు. ఆమె మానేసింది, ఆ తర్వాత నేర్పిస్తే గొంతు తిరిగొచ్చింది. కానీ ఇతన్ని తొలిచేసిన ప్రశ్న ఒకటుంది, పాడేటప్పుడు గొంతు లోపల అసలేం జరుగుతోంది? అప్పటిదాకా తెలిసిందంతా శవాల గొంతుకలు కోసి చూసిందే, బతికున్న మనిషి స్వరతంత్రులు పనిచేస్తుంటే ఎలా ఉంటాయో సరిగ్గా చూసినవాళ్లు లేరు. 1854లో ఒకరోజు పారిస్‌లోని పాలే రాయల్ దగ్గర నడుస్తుంటే, రెండు అద్దాలు ఎక్కడెక్కడ ఉండాలో ఉన్నట్టుండి కళ్లముందు కనబడ్డట్టు అనిపించిందని తర్వాత తనే చెప్పాడు. నేరుగా వైద్య పరికరాలమ్మే షారియెర్ దుకాణానికి వెళ్లి పొడవు కాడ ఉన్న చిన్న అద్దం ఉందా అని అడిగాడు. పళ్ల డాక్టర్ల కోసం చేసి, 1851 లండన్ ప్రదర్శనలో ఎవరూ పట్టించుకోని ఒకటి వాళ్ల దగ్గర పడి ఉంది. ఆరు ఫ్రాంకులిచ్చి కొన్నాడు. ఇంటికెళ్లి, నోటి ఆవిరికి మసకబారకుండా దాన్ని వేడినీళ్లలో ముంచి, తుడిచి, కొండనాలుక వెనక పెట్టుకుని, ఇంకో చేతిలోని అద్దంతో ఎండని దాని మీదికి పంపాడు. తన స్వరపేటిక తనకే కనబడింది.

అంతకుముందు అద్దాలతో ప్రయత్నించిన డాక్టర్లు లేకపోలేదు, కానీ పాడుతున్న గొంతుని ఇంత పద్ధతిగా గమనించి రాసినవాడు ఇతనే. 1855లో లండన్ రాయల్ సొసైటీలో ఆ వ్యాసం చదివారు. మూడునాలుగేళ్లలో వియన్నాలోనూ బుడాపెస్ట్‌లోనూ డాక్టర్లు దాన్ని అందుకున్నారు, ఇవాళ ఈఎన్‌టీ డాక్టరు మన గొంతులోకి చూస్తున్నాడంటే ఆ దారి అక్కడ మొదలైందే. ఒక సంగీతం మాస్టారు వైద్యానికి పరికరం ఇచ్చాడు. 1905లో నూరేళ్ల పుట్టినరోజు లండన్‌లో ఘనంగా చేశారు, మరుసటేడు 101 ఏళ్ల వయసులో పోయాడు.

క్యూబాకి వద్దాం. ఇంగ్లిష్‌లో "గార్సియాకి కబురు" అనే మాట ఒకప్పుడు బాగా వాడేవారు, చెప్పిన పని ఎదురు ప్రశ్న వెయ్యకుండా చేసి రావడం అనే అర్థంలో. 1899లో ఎల్బర్ట్ హబ్బర్డ్ అనే అమెరికన్ రాసిన చిన్న వ్యాసం నుంచి వచ్చింది, అది లక్షల ప్రతులు పంచారు, యజమానులు ఉద్యోగుల చేత చదివించారు. అందులో హీరో కబురు మోసుకెళ్లిన అమెరికన్ అధికారి రోవన్. గార్సియా అంటే చేరాల్సిన చిరునామా మాత్రమే. ఇది ఆ మనిషికి జరిగిన పెద్ద అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆయన కలిస్తో గార్సియా ఇనిగెజ్, 1839లో హోల్గిన్‌లో పుట్టాడు, స్పెయిన్ పాలన మీద క్యూబా చేసిన మూడు యుద్ధాల్లోనూ పోరాడిన జనరల్. 1874లో స్పానిష్ సైన్యం చుట్టుముడితే, పట్టుబడటం ఇష్టంలేక పిస్టల్ గడ్డం కింద పెట్టుకుని పేల్చుకున్నాడు. గుండు నుదుట్లోంచి బయటికొచ్చింది, మనిషి బతికాడు. ఫొటోల్లో నుదుటి మధ్య ఆ గుంట స్పష్టంగా కనబడుతుంది. క్యూబాలో పిల్లలక్కూడా తెలిసిన కథ ఒకటుంది: కొడుకు పట్టుబడ్డాడని చెబితే తల్లి లూసియా ఇనిగెజ్ అలాంటివాడు నా కొడుకు కాదు అందట, పట్టుబడే ముందు కాల్చుకున్నాడని చెప్పాక, అయితే నా కొడుకే అందట. స్పెయిన్ జైళ్లలో 1878 దాకా ఉండి, వదిలాక మళ్లీ యుద్ధానికే వచ్చాడు. 1898లో అమెరికా కూడా స్పెయిన్ మీద యుద్ధానికి దిగింది. రోవన్ బయామోలో ఆయన్ని కలిసేటప్పటికి ఆయనకి అందాల్సిన ఉత్తరమంటూ చేతిలో ఏమీ లేదు, క్యూబా సేనల పరిస్థితి కనుక్కుని రమ్మని పంపారు అంతే. అమెరికన్ సైన్యం సాంటియాగో దగ్గర దిగడానికి గార్సియా మనుషులే తోడ్పడ్డారు. తీరా జులైలో ఊరు లొంగిపోయాక అమెరికన్ జనరల్ షాఫ్టర్ క్యూబా సైనికుల్ని ఊళ్లోకి అడుగుపెట్టనివ్వలేదు. గార్సియా ఆయనకి ఒక ఉత్తరం రాశాడు. మేం పేద సైన్యమే, చిరుగు బట్టల సైన్యమే, మీ పూర్వీకులు స్వాతంత్ర్యం కోసం పోరాడినప్పుడు వాళ్లూ ఇలాగే ఉండేవాళ్లు, అనే అర్థం వచ్చేలా రాసి పదవికి రాజీనామా చేశాడు. గార్సియా గురించి చదవాలనుకుంటే ఆ ఉత్తరం చదవండి, హబ్బర్డ్ వ్యాసం అక్కర్లేదు. అదే ఏడాది డిసెంబర్‌లో వాషింగ్టన్‌లో న్యుమోనియాతో చనిపోయాడు.

ఫిలిప్పీన్స్‌లో కథ పూర్తిగా వేరు. 1849లో గవర్నర్ క్లవేరియా పన్ను లెక్కల సౌకర్యం కోసం జనానికి స్థిరమైన ఇంటిపేర్లు ఉండాలని ఉత్తర్వు వేసి, అక్షర క్రమంలో పేర్ల జాబితా ఒకటి ఊళ్లకి పంపాడు. అక్కడ స్పానిష్ ఇంటిపేరు ఉన్నంత మాత్రాన స్పానిష్ రక్తం ఉన్నట్టు కాదు, పేరు జాబితాలోంచో, చర్చిలోంచో వచ్చి ఉండొచ్చు. వాళ్లలో పేరున్నవాడు కార్లోస్ పి. గార్సియా, బొహోల్ దీవి మనిషి, తన భాషలో కవిత్వం రాసేవాడు. 1957 మార్చిలో అధ్యక్షుడు మాగ్సాయ్‌సాయ్ విమాన ప్రమాదంలో చనిపోతే ఉపాధ్యక్షుడిగా ఉన్న ఈయన గద్దెనెక్కాడు, 1961 దాకా ఉన్నాడు. వ్యాపారాల్లో ఫిలిప్పీన్స్ వాళ్లకే ముందు అవకాశం అనే విధానం ఈయనదే. ఆ "పి" అంటే పోలిస్తికో, తల్లి ఇంటిపేరు. ఫిలిప్పీన్స్‌లో అమెరికా ప్రభావంతో తల్లి పేరు మధ్యలోకి జరిగింది, చివర ఉండేది తండ్రిది. పత్రాలు చూసేటప్పుడు ఈ తేడా తెలియకపోతే తప్పులు దొర్లుతాయి.

మన దేశంతో నిజంగా ముడిపడిన ఒక గార్సియా ఉన్నాడు, గోవాలోని గార్సియా ద ఓర్తా. పైన రాజుల దగ్గర గుర్తుంచుకోమన్నది ఇందుకే, ఇక్కడ గార్సియా ఆయన సొంత పేరు, ఇంటిపేరు ఓర్తా. 1492లో స్పెయిన్ యూదుల్ని వెళ్లగొట్టినప్పుడు ఈయన తల్లిదండ్రులు సరిహద్దు దాటి పోర్చుగల్ చేరి మతం మారారు. వైద్యం చదివి 1534లో గోవా వచ్చాడు. మన మూలికల గురించీ సుగంధ ద్రవ్యాల గురించీ ఇక్కడి వైద్యుల్నీ వర్తకుల్నీ అడిగి తెలుసుకుని 1563లో గోవాలోనే ఒక పుస్తకం అచ్చువేశాడు, కలరా లక్షణాల్ని దగ్గర నుంచి చూసి రాసిన తొలి యూరోపియన్లలో ఒకడు. 1568లో చనిపోయాడు. రహస్యంగా యూదు మతం పాటించిందన్న నేరం మీద మరుసటేడు ఆయన చెల్లెలు కాతరీనాని చర్చి మతవిచారణ న్యాయస్థానం వాళ్లు సజీవ దహనం చేశారు. 1580లో ఆయన ఎముకలు కూడా సమాధిలోంచి తవ్వి తీసి కాల్చారు. ఇవాళ పణజిలో ఆయన పేరుతో ఒక తోట ఉంది.

అమెరికా గార్సియాల్లో నేను మొదట చెప్పేది టెక్సస్ వాళ్ల గురించి. మకారియో గార్సియా మెక్సికోలో పుట్టి టెక్సస్‌లో పెరిగిన కూలీ, 1944లో జర్మనీలో చూపిన సాహసానికి 1945 ఆగస్టులో అధ్యక్షుడు ట్రూమన్ చేతుల మీదుగా అమెరికా అత్యున్నత సైనిక పతకం అందుకున్నాడు. నెల తిరక్కముందే టెక్సస్‌లో ఒక హోటల్లో మెక్సికన్‌వి అని తిండి పెట్టలేదు. డాక్టర్ హెక్టర్ పి. గార్సియా ఇలాంటి సైనికుల కోసమే 1948లో కార్పస్ క్రిస్టీలో అమెరికన్ జీఐ ఫోరమ్ అనే సంఘం పెట్టాడు. మరుసటేడు, యుద్ధంలో చనిపోయిన ఫెలిక్స్ లాంగోరియా అనే సైనికుడి శవాన్ని అతని సొంత ఊరి అంత్యక్రియల గృహం ఉంచుకోనంటే, హెక్టర్ తంతి మీద తంతి పంపి సెనేటర్ లిండన్ జాన్సన్‌ని కదిలించాడు, లాంగోరియాని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు.

మూడో మనిషి గస్ గార్సియా, లాయరు. ఈయన కేసులో సాక్ష్యమే ఇంటిపేర్లు, అందుకే ఇక్కడ ఆగుతాను. టెక్సస్ జాక్సన్ కౌంటీలో పీట్ హెర్నాండెజ్ అనే పత్తి కూలీ మీద హత్య కేసు. శిక్ష వేసిన జ్యూరీలో ఒక్క మెక్సికన్ కూడా లేడు. కౌంటీ జనాభాలో 14 శాతం మందికి మెక్సికన్ లేదా లాటిన్ అమెరికన్ ఇంటిపేర్లున్నాయి, గత 25 ఏళ్లలో పిలిచిన 6,000 మందికి పైగా జ్యూరీ సభ్యుల్లో అలాంటి పేరు ఒక్కటీ లేదు. రాష్ట్రం వాదన ఏమిటంటే, మెక్సికన్లు తెల్లవాళ్ల కిందే లెక్క, జ్యూరీలో ఉన్నదీ తెల్లవాళ్లే, ఇంక వివక్ష ఎక్కడుంది అని. గార్సియా, తోటి లాయర్లూ ఆ కోర్టు ఆవరణలోనే దీనికి జవాబు చూపించారు. అక్కడ మగవాళ్లకి రెండు మరుగుదొడ్లున్నాయి. ఒకదాని మీద ఏ బోర్డూ లేదు. రెండోదాని మీద నల్లజాతి మగవాళ్లకి అని ఇంగ్లిష్‌లో, దాని కిందే మగవాళ్లకి ఇక్కడ అని స్పానిష్‌లో రాసి ఉంది. 1954 జనవరిలో గస్ గార్సియా అమెరికా సుప్రీంకోర్టులో వాదించాడు, మే 3న న్యాయమూర్తులందరూ ఏకాభిప్రాయంతో ఆయన పక్షాన తీర్పు ఇచ్చారు, ఇదంతా యాదృచ్ఛికమంటే నమ్మలేమని ప్రధాన న్యాయమూర్తి వారెన్ రాశాడు. బళ్లలో వర్ణవివక్ష చెల్లదన్న బ్రౌన్ తీర్పు రావడానికి సరిగ్గా రెండు వారాల ముందు.

మిగతావాళ్లని త్వరగా చెప్పేస్తాను. గాబ్రియెల్ గార్సియా మొరేనో, ఈక్వడార్ అధ్యక్షుడు, 1875లో కిటోలో అధ్యక్ష భవనం దగ్గరే కత్తిపోట్లకి బలయ్యాడు. ఆలన్ గార్సియా పెరెజ్, పెరూని రెండుసార్లు పాలించాడు, 2019లో అవినీతి కేసులో పోలీసులు అరెస్టుకి వస్తే కాల్చుకుని చనిపోయాడు. జాన్ గార్సియా, అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఒకసారి తిని జబ్బుపడితే ఆ రుచంటేనే ఎందుకు విరక్తి పుడుతుందో ఎలుకల మీద ప్రయోగాలతో 1955లో చూపించాడు, క్యాన్సర్ చికిత్స తీసుకునేవాళ్లకి తిండి ఎందుకు సయించదో అర్థం కావడానికి ఆ పని చాలా ఉపయోగపడింది. మీరు అడిగిన జెర్రీ గార్సియా 1942లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు, తండ్రి గలీసియా నుంచి వలస వెళ్లిన సంగీతకారుడు. సెర్జియో గార్సియా 2017లో మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ గెలిచిన రోజు, అప్పటికే చనిపోయిన స్పెయిన్ గోల్ఫ్ దిగ్గజం సెవె బాయెస్తెరోస్ 60వ పుట్టినరోజు.

మీకు ఇద్దరు గార్సియాల మధ్య చుట్టరికం నిజంగా తేల్చాలని ఉంటే, మొదటి ఇంటిపేరుని పక్కన పెట్టి రెండో ఇంటిపేరూ పుట్టిన ఊరూ చూడండి. "గార్సియా గార్సియా" అని ఎవరికైనా కనబడితే మేనరికం అనుకోకండి, తల్లీ తండ్రీ ఇద్దరికీ అదే పేరు ఉండటం అక్కడ చాలా మామూలు. స్పెయిన్‌లో పౌర రిజిస్టర్లు 1871 నుంచి ఉన్నాయి, అంతకు ముందువి కావాలంటే చర్చి బాప్తిజం పుస్తకాలే గతి. పాత కాలంలో ఒకే తల్లి పిల్లలు వేరువేరు ఇంటిపేర్లు పెట్టుకోవడం కూడా ఉండేది, చిత్రకారుడు వెలాస్కెజ్‌కి ఆ పేరు తల్లి వైపు నుంచి వచ్చిందే, కాబట్టి 16, 17 శతాబ్దాల్లో పేరు కలిసినా కలవకపోయినా తొందరపడి ఏమీ తేల్చొద్దు. ఇటీవలి పత్రాలైతే ఇంకోటి గమనించాలి: 1999 నుంచి తల్లిదండ్రులు ఒప్పుకుంటే తల్లి పేరు ముందు పెట్టుకోవచ్చు, 2017 జూన్ 30 నుంచైతే తండ్రి పేరే ముందుండాలన్న ఆనవాయితీని చట్టంలోంచే తీసేశారు, ఇద్దరూ కలిసి ఏది ముందో రాసి ఇవ్వాలి. మీరు వెతుకుతున్న గార్సియా ఎవరైనా ప్రత్యేకంగా ఉంటే రెండు ఇంటిపేర్లూ, పుట్టిన ఊరూ, సుమారు సంవత్సరం కింద రాయండి, ఏ రిజిస్టర్లో చూడాలో చెబుతాను.